విదేశాంగ విషయాల్లో ఈ అభ్యర్థిని నమ్మొచ్చా? అమెరికా ప్రైమరీ డిబేట్లలో తేలేదేమిటి, తేలనిదేమిటి

1999 నవంబరులో బోస్టన్‌కు చెందిన ఒక టీవీ విలేకరి జార్జి డబ్ల్యూ. బుష్‌ను నలుగురి పేర్లు అడిగారు. అప్పటికి బుష్ టెక్సస్ గవర్నర్. అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడే అవకాశం కోసం ప్రచారం చేసుకుంటున్నారు. చెచెన్యా అధ్యక్షుడెవరు? తైవాన్ అధ్యక్షుడెవరు? పాకిస్తాన్‌లో కొత్తగా అధికారం చేజిక్కించుకున్న జనరల్ ఎవరు? భారత ప్రధాని ఎవరు? తైవాన్ నాయకుడి ఇంటిపేరు 'లీ' అని మాత్రం బుష్ చెప్పగలిగారు. ముషారఫ్ పేరు నోటికి రాలేదు. వాజ్‌పేయి పేరు దగ్గర కాసేపు తడుముకుని వదిలేశారు. మెక్సికో విదేశాంగ మంత్రి ఎవరో మీరు చెప్పండి చూద్దాం అని విలేకరినే ఎదురు అడిగారు.

ఆ క్లిప్ దేశమంతా తిరిగింది. ఇంత తెలియని మనిషి అమెరికాను నడుపుతాడా అన్నారు.

ఆరేళ్లు గడిచాక, 2006 మార్చి 3న, అదే బుష్ అధ్యక్షుడి హోదాలో హైదరాబాద్ వచ్చారు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని, ఐఎస్‌బీని చూసి వెళ్లారు. ముందు రోజే ఢిల్లీలో మన్మోహన్ సింగ్‌తో పౌర అణు సహకారంపై అవగాహనకు వచ్చారు. 2008 అక్టోబరులో ఆ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. 1974 అణు పరీక్ష తర్వాత మూడు దశాబ్దాలకు పైగా భారత్‌ను అణు వాణిజ్యానికి దూరంగా ఉంచిన విధానాన్ని పక్కన పెట్టింది, భారత ప్రధాని పేరు చెప్పలేకపోయిన ఆ అభ్యర్థే.

2003లో ఇరాక్ మీద యుద్ధానికి దిగింది కూడా ఆయనే. ఏ ఆయుధాలు ఉన్నాయని యుద్ధం మొదలుపెట్టారో ఆ ఆయుధాల నిల్వలు అక్కడ దొరకలేదు. ఒక మనిషి విదేశాంగ విషయాల్లో నమ్మదగినవాడా కాదా అన్నది ఆ నాలుగు పేర్లతో ఏ రకంగానూ తేలలేదని ఈ రెండూ చెబుతున్నాయి. మరి దేనితో తేలుతుంది? అమెరికాలో ప్రతి ప్రైమరీ సీజన్‌లోనూ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఇప్పటి అధ్యక్షుడికి మూడోసారి ఎన్నికయ్యే వీల్లేదు కాబట్టి 2028లో రెండు పార్టీలూ కొత్త అభ్యర్థులను వెతుక్కోవాలి. అప్పుడూ ఇదే చర్చ జరుగుతుంది.

ప్రైమరీ అంటే ఇంట గెలవడం

ఇంట గెలిచి రచ్చ గెలవమని సామెత. ప్రైమరీ అంటే ఆ ఇంట గెలిచే ఘట్టం. మన దగ్గర పార్టీ అధిష్ఠానం ఎవరికి బీ-ఫారం ఇస్తే వారే అభ్యర్థి. అమెరికాలో ఆ పని ఓటర్లు చేస్తారు. ఓటింగ్ అన్ని రాష్ట్రాల్లో ఒకే రోజు కాకుండా విడతలుగా జరుగుతుంది. మామూలు పోలింగ్‌లా జరిగితే ప్రైమరీ అంటారు. ఊళ్లో జనం ఒకచోట కూడి మద్దతు తెలిపే పద్ధతిలో జరిగితే కాకస్ అంటారు. వచ్చిన ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ సదస్సులో ఓటేసే ప్రతినిధులు, దక్కుతారు. వేసవిలో జరిగే పార్టీ జాతీయ సదస్సులో ఆ డెలిగేట్లలో మెజారిటీ ఎవరికి ఉంటే వారే పార్టీ అభ్యర్థి.

ఏళ్ల తరబడి అయోవా, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలు ముందు ఓటేసేవి. 2024లో డెమోక్రాట్లు సౌత్ కరోలినాను ముందుకు తెచ్చారు. టీవీ డిబేట్లు మాత్రం మొదటి ఓటు పడటానికి కొన్ని నెలల ముందే మొదలవుతాయి.

వేదిక మీద నిలబడ్డవాళ్లందరూ ఒకే పార్టీ వాళ్లు. పన్నులు, ఆరోగ్య బీమా, తుపాకులు వంటి ఇంటి విషయాల్లో చాలావరకు ఒకేలా మాట్లాడతారు. ఒకరి నుంచి ఇంకొకరిని వేరు చేసి చూపించే విషయం ఏదో ఒకటి కావాలి. చాలాసార్లు అది విదేశాంగ విధానమే అవుతుంది.

విదేశాల విషయంలో అధ్యక్షుడి చేయి ఎందుకు పొడవు

కొత్త పన్ను వేయాలన్నా, బీమా పథకం తేవాలన్నా అధ్యక్షుడికి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసే చట్టం కావాలి. విదేశాల విషయం వేరు. సైన్యానికి సర్వసేనాని ఆయనే. రాయబారులను ప్రతిపాదించేది, ఏ ప్రభుత్వాన్ని గుర్తించాలో తేల్చేది, ఎవరితో మాట్లాడాలో వద్దో నిర్ణయించేది ఆయనే.

కాగితం మీద పట్టు కాంగ్రెస్‌కూ ఉంది. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దే. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఒక్కసారి కూడా లాంఛనంగా యుద్ధం ప్రకటించలేదు. కొరియా, వియత్నాం, ఇరాక్ యుద్ధాలన్నీ ప్రకటన లేకుండానే జరిగాయి. వియత్నాం అనుభవం తర్వాత 1973లో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం సైన్యాన్ని పోరులోకి దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. ఆమోదం రాకపోతే 60 రోజుల్లో ఆపాలి. ఆచరణలో అధ్యక్షులు దీన్ని తమకు అనువుగా అర్థం చెప్పుకుంటూ వచ్చారు.

ఇతర దేశాలతో సంధి కుదుర్చుకుంటే కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అంత మద్దతు దొరకదనుకున్నప్పుడు సంధి అనకుండా వేరే రూపంలో ఒప్పందం చేసుకుంటారు. 2015లో ఇరాన్‌తో కుదిరిన అణు ఒప్పందం అలాంటిదే. సెనేట్ ఆమోదించిన సంధి కాదు కాబట్టి 2018 మేలో ట్రంప్ ఒక్క ప్రకటనతో దాని నుంచి బయటికి వచ్చేశారు. పారిస్ వాతావరణ ఒప్పందం సంగతీ ఇంతే. ఒబామా చేరారు, ట్రంప్ బయటికొచ్చారు, బైడెన్ మళ్లీ చేరారు, ట్రంప్ మళ్లీ బయటికి రమ్మని ఉత్తర్వు ఇచ్చారు. మనిషి మారితే విధానం ఎంత మారుతుందో దీంట్లో కనిపిస్తుంది. అందుకే ఆ మనిషి ఎవరన్నది ఇంటి విషయాల్లోకన్నా ఇక్కడ ఎక్కువ ముఖ్యం.

'విశ్వసనీయత' ఒక్క మాట, లోపల చాలా అర్థాలు

డిబేట్ అయిన మర్నాడు పత్రికల్లో 'విదేశాంగ విషయాల్లో ఫలానా అభ్యర్థికి విశ్వసనీయత లేదు' అని రాస్తే, రాసినవారు ఏ అర్థంలో అన్నారో చూడాలి. కనీసం ఐదు వేర్వేరు విషయాలను ఈ ఒక్క మాటతో చెబుతారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది విషయ పరిజ్ఞానం. పేర్లు, సరిహద్దులు, ఎవరు ఎవరి పక్షమో తెలిసి ఉండటం. రెండోది అనుభవం. సెనేట్ విదేశీ వ్యవహారాల సంఘంలోనో, రాయబారిగానో, సైన్యంలోనో పనిచేసి ఉండటం. మూడోది వివేచన. ఉన్న కొద్దిపాటి సమాచారంతో, ఫలితం ఇంకా తెలియనప్పుడు, ఏది చేయాలో ఏది చేయకూడదో గుర్తించగలగడం. నాలుగోది నిలకడ. గాలి ఎటు వీస్తే అటు మాట మార్చకుండా ఉండటం.

ఐదోది పూర్తిగా వేరు. అంతర్జాతీయ సంబంధాలు చదివేవాళ్లు విశ్వసనీయత అన్నప్పుడు ఓటరు నమ్మకం గురించి మాట్లాడరు. అమెరికా బెదిరిస్తే శత్రువు నమ్ముతాడా, మాటిస్తే మిత్రుడు నమ్ముతాడా అన్నది వాళ్ల ప్రశ్న. సిరియా ఇక్కడ మంచి ఉదాహరణ. రసాయన ఆయుధాలు వాడితే ఎర్రగీత దాటినట్టేనని 2012 ఆగస్టులో ఒబామా అన్నారు. ఏడాది తర్వాత ఘౌటాలో రసాయన దాడి జరిగింది, వందల మంది చనిపోయారు. ఒబామా సైనిక దాడి చేయలేదు. రష్యాతో కలిసి ఆ ఆయుధాలను తొలగించే ఒప్పందానికి వెళ్లారు. అమెరికా మాటకు విలువ పోయిందని ఒక వర్గం అంటుంది. గతంలో ఏమన్నారో చూసి శత్రువులు లెక్కలు వేయరు, ఈ సంక్షోభంలో అమెరికా బలం ఎంత, ప్రయోజనం ఎంత అన్నదే చూస్తారు అని ఇంకో వర్గం పండితుల వాదన. రెండు వాదనలకూ చరిత్రలో ఆధారాలు దొరుకుతాయి. ఆ చర్చ ఇంకా తెగలేదు.

ఇప్పుడు బుష్ ఇంటర్వ్యూకు ఒకసారి వెనక్కి వెళ్దాం. పాకిస్తాన్ జనరల్ పేరు మరిచిపోయారని అందరికీ గుర్తుంది. ఆ ప్రశ్నకే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఆ జనరల్ దేశానికి స్థిరత్వం తెచ్చేలా కనిపిస్తున్నాడని, అది ఉపఖండానికి మంచి వార్త అని అన్నారు. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసి అప్పటికి నెల కూడా కాలేదు. అంతకు కొన్ని నెలల ముందే కార్గిల్‌లో యుద్ధం జరిగింది, అప్పటి పాక్ సైన్యాధిపతి ఈ జనరలే. పేరు గుర్తుకు రాకపోవడం పరిజ్ఞానం లోపం. సైనిక తిరుగుబాటును స్థిరత్వం అనుకోవడం వివేచనకు సంబంధించిన విషయం. నా దృష్టిలో రెండోదే పెద్ద సంగతి. జనం నోళ్లలో నానింది మాత్రం మొదటిది.

ఒక ప్రశ్న, రెండు జవాబులు: 2007 చార్లెస్టన్

ఈ ఐదు అర్థాలూ ఒకదానితో ఒకటి ఎలా కలిసిపోతాయో చూడాలంటే 2007-08 డెమోక్రటిక్ ప్రైమరీని మించినది లేదు.

2007 జులై 23న సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో డిబేట్. ఒక మామూలు పౌరుడు వీడియోలో ప్రశ్న పంపాడు. అధ్యక్షుడైన మొదటి ఏడాదిలోనే, ఎలాంటి ముందస్తు షరతులు లేకుండా, ఇరాన్, సిరియా, వెనిజులా, క్యూబా, ఉత్తర కొరియా నాయకులను కలుస్తారా? ఒబామా కలుస్తానన్నారు. మాట్లాడకపోవడమే వాళ్లకు శిక్ష అనుకోవడంలో అర్థం లేదన్నారు. హిల్లరీ క్లింటన్ మొదటి ఏడాదిలో అలా కలుస్తానని మాటివ్వనన్నారు. ముందు దూతలను పంపి దారి వేసుకోవాలి, లేకపోతే మన భేటీని వాళ్లు తమ ప్రచారానికి వాడుకుంటారన్నది ఆమె వాదన. మర్నాడు ఒబామా జవాబును బాధ్యతారహితం, అమాయకత్వం అని అన్నారు.

అక్కడి నుంచి పోటీ రెండు మాటల మధ్య నడిచింది. క్లింటన్ 'అనుభవం' అన్నారు, ఒబామా 'వివేచన' అన్నారు. షరతులు లేకుండా అంటే సన్నాహం లేకుండా అని కాదని ఒబామా వర్గం తర్వాత వివరణ ఇచ్చుకుంది. మొదట చెప్పిన జవాబు కన్నా ఈ వివరణ క్లింటన్ చెప్పినదానికే కొంచెం దగ్గరగా ఉంది.

తర్వాత ఏం జరిగిందన్నది ఇంకా ఆసక్తికరం. ఒబామా గెలిచారు. ఆ ఐదుగురిలో ఎవరితోనూ మొదటి ఏడాదిలో విడిగా సమావేశం కాలేదు. 2009 ఏప్రిల్‌లో ట్రినిడాడ్ సదస్సులో వెనిజులా నాయకుడు చావెజ్‌తో చేయి కలపడం ఒక్కటే జరిగింది. ఇరాన్ అధ్యక్షుడు రౌహానీతో 2013 సెప్టెంబరులో ఫోన్‌లో మాట్లాడారు. అంతకు ముందే ఒమన్‌లో రహస్య చర్చలకు పునాది పడింది. 2012లో ఆ పని మీద మస్కట్ వెళ్లింది జేక్ సలివన్. అప్పుడాయన విదేశాంగ మంత్రి దగ్గర పనిచేస్తున్నారు. ఆ విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్. అంటే ఒబామా చెప్పిన గమ్యానికి క్లింటన్ చెప్పిన దారిలో వెళ్లారు. క్యూబాకు 2016 మార్చిలో స్వయంగా వెళ్లారు, పదవిలో చివరి ఏడాదిలో.

డిబేట్ వేదిక మీద ఇద్దరూ రెండు ధ్రువాల్లా కనిపించారు. కుర్చీలోకి వచ్చాక వాళ్ల తేడా అంత పెద్దది కాదని తేలింది. అలాగని ఆ ప్రశ్న వృథా కాలేదు. శత్రువుతో మాట్లాడటాన్ని బలహీనతగా చూడని స్వభావం ఒబామాలో ఉందని అప్పుడే బయటపడింది, ఎనిమిదేళ్ల పాలనలో అది నిజమని కనిపించింది. మొదటి ఏడాది అన్న గడువు నిలబడలేదు.

2007లోనే, ఆగస్టు 1న ఒబామా ఇంకో మాట అన్నారు. పాకిస్తాన్‌లో ఉన్న పెద్ద ఉగ్రవాద నాయకుల గురించి కచ్చితమైన సమాచారం దొరికి, ముషారఫ్ కదలకపోతే మేమే కదులుతాం అన్నారు. పాకిస్తాన్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వారం తర్వాత షికాగో డిబేట్‌లో ప్రత్యర్థులు ఆయన్ను చుట్టుముట్టారు. క్లింటన్ అభ్యంతరాన్ని జాగ్రత్తగా వింటే, అలా చేయడం తప్పని ఆమె అనలేదు. చేయాల్సి రావచ్చు కానీ ముందే చాటింపు వేయడం పెద్ద తప్పు అన్నారు. 2011 మే 2న అబోటాబాద్‌లో బిన్ లాడెన్‌ను చంపిన దాడి జరిగింది అచ్చం ఒబామా చెప్పినట్టే, పాకిస్తాన్‌కు చెప్పకుండా. ఆ దాడికి క్లింటన్ మద్దతిచ్చారు. అభ్యర్థి మాట తర్వాత నిజమైన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. అయితే 2007లో అది వివేచనో, లేక కుర్రవాడన్న ముద్ర పోగొట్టుకోవడానికి చూపిన గట్టిదనమో ఆ రోజు ఎవరూ తేల్చి చెప్పలేకపోయేవారు.

క్లింటన్ అనుభవ వాదనకు దెబ్బ తగిలింది 2008 మార్చిలో. 1996లో బోస్నియాలోని టుజ్లాలో దిగినప్పుడు తుపాకి కాల్పుల మధ్య దిగామని ఆమె చెప్పుకొచ్చారు. పాత వీడియోలో ప్రశాంతంగా స్వాగతం జరగడం, ఒక చిన్నపాప పలకరించడం కనిపించాయి. పొరపాటుగా మాట్లాడానని ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాటతో ఆమె నిజంగా చేసిన పని మీద కూడా అనుమానపు నీడ పడింది. అది ఆమెకు న్యాయం కాదని నాకనిపిస్తుంది. కానీ అనుభవాన్నే ప్రధాన అర్హతగా ముందు పెట్టినప్పుడు ఆ అనుభవంలో ప్రతి అంగుళాన్నీ జనం కొలుస్తారు.

పద్దెనిమిదేళ్లు వెంటాడిన ఒక ఓటు

2002 అక్టోబరులో ఇరాక్ మీద బలప్రయోగానికి అనుమతినిస్తూ సెనేట్ 77-23 ఓట్లతో తీర్మానం చేసింది. అనుకూలంగా ఓటేసినవాళ్లలో క్లింటన్, జాన్ కెరీ, జాన్ ఎడ్వర్డ్స్, జో బైడెన్ ఉన్నారు. నలుగురూ తర్వాత అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. ప్రతినిధుల సభలో వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో బెర్నీ శాండర్స్ ఒకరు. ఆ ఓటు 2004లో చర్చకు వచ్చింది, 2008లో వచ్చింది, 2016లో క్లింటన్‌కు శాండర్స్ గుర్తుచేశారు, 2020 జనవరిలో డిమోయిన్ డిబేట్‌లో బైడెన్‌కూ గుర్తుచేశారు.

ఈ ఓటును వివేచనకు గీటురాయిగా వాడొచ్చా? వాడొచ్చనేవాళ్ల వాదన బలంగానే ఉంది. ఫలితం తెలియనప్పుడు, యుద్ధానికి మద్దతివ్వడమే సులువైన దారిగా ఉన్నప్పుడు ఎవరేం చేశారన్నది ఆ మనిషి గురించి చాలా చెబుతుంది. 2002 అక్టోబరు 2న షికాగోలో ఒక సభలో, అప్పటికి రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న ఒబామా, తాను యుద్ధాలన్నిటికీ వ్యతిరేకిని కాదని, బుద్ధితక్కువ యుద్ధానికి వ్యతిరేకినని అన్నారు. ఆ ప్రసంగం లేకపోతే 2008లో ఆయన గెలుపు కష్టమయ్యేదన్నది చాలామంది మాట.

ఎదుటి పక్షం మాటలోనూ బలముంది. ఒబామా అప్పుడు వాషింగ్టన్‌లో లేరు, ఓటేయాల్సిన బరువు ఆయన మీద లేదు. సెనేట్‌కు వచ్చిన గూఢచారి నివేదికలు తాను చూడలేదని, తానైతే ఎలా ఓటేసేవాడినో తెలియదని 2004లో ఆయనే అన్నారు. సెనేటర్ అయ్యాక కొంతకాలం ఆ యుద్ధానికి నిధులిస్తూ ఓటేశారు కూడా.

బైడెన్ సంగతి చూస్తే లెక్క ఇంకా చిక్కుపడుతుంది. 2002లో సెనేట్ విదేశీ వ్యవహారాల సంఘానికి ఆయనే చైర్మన్. అనుభవం విషయంలో ఆయనతో పోటీపడగలవాళ్లు తక్కువ. 1991లో కువైట్‌ను విడిపించే యుద్ధానికి ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. ఆ యుద్ధం కొద్ది వారాల్లో అనుకున్న లక్ష్యంతో ముగిసింది. 2002లో అనుకూలంగా ఓటేశారు. అది ఏళ్ల తరబడి సాగింది. ఒక్క ఓటును పట్టుకుని ఎవరినైనా తూచడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ జంట చాలు.

తప్పు తేలాక ఎవరేం చేశారన్నది ఇంకో కొలత. ఎడ్వర్డ్స్ 2005లో తాను చేసింది తప్పని రాశారు. క్లింటన్ 2008 ప్రైమరీ అంతా ఆ మాట అనకుండా నెట్టుకొచ్చారు, 2014లో తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నారు. రిపబ్లికన్లలో జార్జి డబ్ల్యూ. బుష్ తమ్ముడు జెబ్ బుష్ పరిస్థితి మరీ ఇబ్బందికరం. ఇప్పుడు తెలిసినవన్నీ అప్పుడే తెలిసుంటే ఇరాక్ యుద్ధానికి దిగేవారా అని 2015 మేలో అడిగారు. మొదట దిగేవాడినన్నారు, తర్వాత ప్రశ్న సరిగా వినలేదన్నారు, ఊహాజనితమన్నారు, కొన్ని రోజులకు దిగేవాణ్ని కాదన్నారు. అన్న మీద గౌరవం ఒకవైపు, నిజం ఒకవైపు లాగితే ఆ టెన్షన్ అందరికీ కనిపించింది.

2016 ఫిబ్రవరి 13న సౌత్ కరోలినా డిబేట్‌లో ట్రంప్ ఇరాక్ యుద్ధం పెద్ద తప్పని, ఆయుధాలున్నాయని అబద్ధం చెప్పారని అన్నారు. హాల్లో కొందరు గోల చేశారు. రిపబ్లికన్ ఓటర్లు, అందులోనూ సైనిక కుటుంబాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం. ఇక పనైపోయిందనుకున్నారు. వారానికి అక్కడే ట్రంప్ గెలిచారు, ఆ రాత్రే జెబ్ తప్పుకున్నారు. యుద్ధాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించానన్న ట్రంప్ మాట మాత్రం నిలవదు. 2002లో ఒక రేడియో కార్యక్రమంలో యుద్ధానికి అనుకూలమేనా అని అడిగితే అవుననే అన్నారు. అంటే నిలకడ పరీక్షలో తప్పిన మనిషి, ఓటర్ల మనసులోని అలసటను మిగతా అందరికన్నా బాగా చదివారు.

అనుభవం ఉంటే సరిపోతుందా

2023 ఆగస్టు 23న మిల్వాకీలో రిపబ్లికన్ల తొలి డిబేట్ జరిగింది. యుక్రెయిన్ ప్రస్తావన వచ్చినప్పుడు నిక్కీ హేలీ, వివేక్ రామస్వామిని చూసి మీకు విదేశాంగ అనుభవం లేదు, అది తెలిసిపోతోంది అన్నారు. ఇద్దరూ భారత సంతతి వాళ్లే. హేలీ తల్లిదండ్రులు పంజాబ్ నుంచి, రామస్వామి తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లారు. హేలీ రెండేళ్ల పాటు ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి. రామస్వామి వ్యాపారవేత్త. రష్యా పట్టుకున్న ప్రాంతాలను దానికే వదిలేసి, యుక్రెయిన్‌ను నాటోలో చేర్చుకోబోమని మాటిచ్చి, బదులుగా రష్యాను చైనా సైనిక బంధం నుంచి విడదీయాలన్నది ఆయన ప్రతిపాదన. డిసెంబరులో టస్కలూసా డిబేట్‌లో ఆయన ఎదురుదాడి చేశారు. మన సైనికులను పంపి పోరాడించాలనుకుంటున్న తూర్పు యుక్రెయిన్‌లో మూడు రాష్ట్రాల పేర్లు హేలీ చెప్పలేరన్నారు. హేలీ సైనికులను పంపమనలేదు, సాయం కొనసాగించమన్నారు.

ఇది మళ్లీ 1999 నాటి పేర్ల పరీక్షే. అసలు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రామస్వామి బేరానికి రష్యా ఒప్పుకుంటుందని ఆధారమేమిటి? ఆక్రమించినవాళ్లకే భూమి వదిలేస్తే పక్క దేశాలు ఏమనుకుంటాయి? హేలీ సాయానికి ముగింపు ఎక్కడ, గెలుపు అంటే ఏమిటి? ఆ రెండు డిబేట్లలోనూ ఈ ప్రశ్నలకు దక్కిన సమయం తక్కువ, మాటల తూటాలకు దక్కినది ఎక్కువ. చివరికి ఆ ఏడాది డిబేట్లలో ఒక్కదానికీ రాని ట్రంప్ అభ్యర్థి అయ్యారు.

హేలీ వాదనకు మద్దతుగా సీనియర్ బుష్‌ను చూపిస్తారు. ఐక్యరాజ్యసమితిలో రాయబారి, చైనాలో అమెరికా ప్రతినిధి, సీఐఏ అధిపతి, ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడు. సోవియట్ యూనియన్ కూలిపోతున్నప్పుడు తొందరపడకుండా నడిపించారు. వ్యతిరేకంగా చూపించే ఉదాహరణ ఆయన కొడుకు ప్రభుత్వమే. జూనియర్ బుష్‌కు అనుభవం లేదని, ఉపాధ్యక్షుడు చెనీ, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ లాంటి అనుభవజ్ఞులు పక్కన ఉంటారని అప్పట్లో ధైర్యం చెప్పుకున్నారు. ఇరాక్ యుద్ధాన్ని అందరికన్నా గట్టిగా కోరినవాళ్లలో ఆ అనుభవజ్ఞులే ఉన్నారు.

ఇంటి పోటీ విధానాన్నే మార్చేసినప్పుడు

డిబేట్‌ను పరీక్షగా మాత్రమే చూస్తే ఒక సంగతి తప్పిపోతుంది. ప్రైమరీ పోటీ అభ్యర్థిని కొలవడమే కాదు, మార్చేస్తుంది కూడా.

1976లో పదవిలో ఉన్న అధ్యక్షుడు ఫోర్డ్‌ను సొంత పార్టీలోనే రీగన్ సవాలు చేశారు. సోవియట్‌తో ఉద్రిక్తత తగ్గించే విధానం మెతకదనమన్నారు. పనామా కాలువను కొన్నాం, డబ్బు కట్టాం, అది మనదే అన్నారు. ఒత్తిడికి ఫోర్డ్ ఆ విధానాన్ని వదల్లేదు కానీ, దాని పేరైన 'దేతాంత్' అన్న ఫ్రెంచి మాటను వాడటం మానేశారు. అయినా మార్చిలో నార్త్ కరోలినాలో రీగన్ గెలిచారు. పార్టీ సదస్సులో ఫోర్డ్ 1,187-1,070 తేడాతో ఒడ్డెక్కారు. కాలువను పనామాకు అప్పగించే సంధి మీద మరుసటి ఏడాది కార్టర్ సంతకం చేశారు. ఇక సోవియట్‌తో ఉద్రిక్తత తగ్గించడాన్ని మెతకదనమన్న రీగన్, 1987లో గోర్బచెవ్‌తో మధ్యశ్రేణి అణు క్షిపణుల తొలగింపు ఒప్పందంపై సంతకం చేశారు.

2004లో బుష్ మీద డెమోక్రటిక్ అభ్యర్థిగా నిలబడ్డ కెరీది ఇంకో రకం. 2003 అక్టోబరులో ఇరాక్, అఫ్గానిస్తాన్ ఖర్చుకు 87 బిలియన్ డాలర్ల బిల్లు వచ్చింది. అప్పుడు డెమోక్రటిక్ ప్రైమరీలో యుద్ధ వ్యతిరేకి హోవర్డ్ డీన్ జోరు మీదున్నారు. యుద్ధానికి అనుమతిచ్చిన కెరీ ఆ డబ్బుకు వ్యతిరేకంగా ఓటేశారు. డీన్‌కు భయపడి అలా చేశారని విమర్శకులన్నారు. సంపన్నుల పన్ను రాయితీలు తగ్గించి ఆ డబ్బు తెద్దామన్న సవరణకు ఓటేశానని, అది వీగిపోయాకే వద్దన్నానని కెరీ చెప్పారు. ఆయన వివరణలో తర్కం ఉంది. కానీ 2004 మార్చిలో ఒక సభలో దాన్ని కుదించి, వ్యతిరేకంగా ఓటేసే ముందు అనుకూలంగా ఓటేశాను అన్నారు. బుష్ ప్రచార బృందం ఆ వాక్యాన్ని నవంబరు దాకా వదల్లేదు. ఇంట గెలవడానికి పనికొచ్చిన ఓటు రచ్చలో మెడకు చుట్టుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మిషిగన్ గవర్నర్ జార్జి రామ్నీ కనిపిస్తారు. 1967లో ఆయన రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి గట్టి పోటీదారు. వియత్నాం యుద్ధాన్ని మొదట సమర్థించి తర్వాత మనసు మార్చుకున్నారు. ఎందుకని అడిగితే, అక్కడికి వెళ్లినప్పుడు సైనికాధికారులు, దౌత్యవేత్తలు తనకు బ్రెయిన్‌వాష్ చేశారన్నారు. ఎవరైనా మాయ చేస్తే పడిపోయే మనిషి అధ్యక్షుడెలా అవుతాడని అందరూ విరుచుకుపడ్డారు. 1968 ఫిబ్రవరిలో, మొదటి ప్రైమరీ జరగకముందే తప్పుకున్నారు. ఆయన వాడిన మాట తప్పు. చెప్పిన విషయం తప్పు కాదు. యుద్ధం గురించి ప్రభుత్వం జనానికి చెబుతున్నది ఒకటి, లోపల అనుకుంటున్నది ఒకటని 1971లో బయటికొచ్చిన పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) పత్రాలు చూపించాయి. మాట జారినందుకు పోయిన ఆ అభ్యర్థి గురించి చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

పరిస్థితులు మాటను మింగేసినప్పుడు

నిజాయితీగా చెప్పిన మాట కూడా నిలబడకపోవచ్చు. 2000 అక్టోబరులో అల్ గోర్‌తో డిబేట్‌లో బుష్, అమెరికా వినయంగా ఉంటే ప్రపంచం గౌరవిస్తుందన్నారు. సైన్యాన్ని వాడి ఇతర దేశాలను నిర్మించే పని మనది కాదన్నారు. అది అబద్ధమని నేననుకోను. ఏడాది తిరగకుండానే 2001 సెప్టెంబరు 11 వచ్చింది. ఆ తర్వాత అఫ్గానిస్తాన్‌లో, ఇరాక్‌లో ఆయన ప్రభుత్వం చేసింది అచ్చంగా వద్దన్న పనే. ఏ డిబేట్‌లోనూ ఎవరూ అడగని సంఘటన ఆయన పాలనను నిర్ణయించింది.

అప్పుడు పనిచేసేది అభ్యర్థి ఇచ్చిన హామీలు కావు. కొత్త పరిస్థితి ఎదురైతే దాన్ని ఏ కళ్లతో చూస్తాడు, ఎవరి మాట వింటాడు, దేన్ని బలం అనుకుంటాడు, దేన్ని స్థిరత్వం అనుకుంటాడు అన్నవి పనిచేస్తాయి. సెప్టెంబరు 11 తర్వాత బుష్ ప్రభుత్వం ముషారఫ్‌ను దగ్గరి మిత్రుడిగా చేసుకుంది. పాకిస్తాన్‌కు వందల కోట్ల డాలర్ల సాయం వెళ్లింది. ఆ జనరల్ 2008 ఆగస్టు దాకా పదవిలో ఉన్నారు. 2011లో బిన్ లాడెన్ దొరికింది పాకిస్తాన్ సైనిక అకాడమీకి దగ్గర్లో. 1999లో బోస్టన్ విలేకరికి బుష్ ముషారఫ్ పేరు టకీమని చెప్పి ఉన్నా వీటిలో ఏదీ మారేది కాదు. పేరు దగ్గర ఆగకుండా, సైనిక తిరుగుబాటు ఉపఖండానికి మంచి వార్త ఎలా అవుతుందండీ అని ఆ రోజే ఇంకో ప్రశ్న పడి ఉంటే, ఆయన చూపు ఎటు ఉందో ఓటర్లకు ఏడాది ముందే తెలిసేది.